ఆ రెండు విమానాల మధ్య...

ఆవకాయ సీసాకు నాలుగు కవర్లు చుడతారు. పెట్టెలు నాలుగుసార్లు తూచి, 23 కిలోలు దాటకుండా సర్దుతారు. అమ్మాయికి పట్టుచీర, అల్లుడికి పూతరేకులు, మనవడికి వెండిగ్లాసు... ఏదీ మర్చిపోరు. టికెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలా ఇళ్లలో చూసేవి రెండే. ధర ఎంత? బయల్దేరేది ఎప్పుడు? మధ్యలో విమానం ఎక్కడ మారాలి, అక్కడ ఎంతసేపు ఉండాలి, ఏం చేయాలి అన్నవి 'వెళ్లాక చూసుకోవచ్చులే' ఖాతాలోకి వెళ్లిపోతాయి.

తీరా మొదటి విమానం గంటన్నర ఆలస్యంగా దిగితే? రెండోది అప్పటికే ఎగిరిపోతే? భాష తెలియని చోట, ఫోన్ పనిచేయని చోట, అరవై దాటిన దంపతులిద్దరూ బిక్కమొహాలతో నిలబడిపోతారు. అక్కడ డాలస్‌లోనో చికాగోలోనో ఎయిర్‌పోర్టుకు వచ్చిన పిల్లలకు, అమ్మానాన్నలు ఎక్కడున్నారో తెలియక కాళ్లాడవు. అనుకోని ఆలస్యాలను ఎవరూ ఆపలేరు. కానీ వాటివల్ల పడే పాట్లను చాలావరకూ తప్పించుకోవచ్చు. అందుకు చేయాల్సిన పనంతా టికెట్ కొనేముందే ఉంది!

ఒకటా... రెండా?

హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కడినుంచి న్యూయార్క్. ఈ ప్రయాణాన్ని రెండు రకాలుగా కొనొచ్చు. మొత్తం ప్రయాణానికి కలిపి ఒకే టికెట్ తీసుకోవడం ఒక పద్ధతి. దుబాయ్ దాకా ఒక సంస్థలో, అక్కడినుంచి మరో సంస్థలో విడివిడిగా కొనడం రెండోది. రెండో పద్ధతిలో ఒక్కోసారి పదివేలో పదిహేనువేలో కలిసొస్తాయి. అక్కడే పడిపోతారు చాలామంది.

ఒకే టికెట్ అయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ బాధ్యత విమాన సంస్థదే. అదనంగా రూపాయి తీసుకోకుండా తర్వాతి విమానంలో సీటు ఇవ్వాలి. సామాను సంగతి కూడా సాధారణంగా వాళ్లే చూసుకుంటారు.

విడి టికెట్లయితే కథ వేరు. మొదటి విమానం ఆలస్యమైందన్న సంగతితో రెండో సంస్థకు పనిలేదు. దాని లెక్కలో మీరు సమయానికి రాని ప్రయాణికులు, అంతే. ఆ టికెట్ డబ్బులు పోయినట్లే. అప్పటికప్పుడు, ఆ పూట ఉన్న ధరకు కొత్త టికెట్ కొనుక్కోవాలి. అక్కడితో అయిపోదు. చాలాచోట్ల సామాను కూడా మీరే తీసుకుని, బయటికెళ్లి, మళ్లీ కౌంటర్లో ఇవ్వాలి. బయటికెళ్లాలంటే ఆ దేశంలోకి అడుగుపెట్టినట్లే. అందుకు వీసా అడగొచ్చు!

2024 ఏప్రిల్ 16న దుబాయ్‌ని వానలు ముంచెత్తాయి. 75 ఏళ్లలో అంత వర్షం అక్కడ నమోదు కాలేదు. ఎమిరేట్స్ సంస్థ ఒక్కటే దాదాపు 400 విమానాలను రద్దుచేసింది. 2025 మార్చి 21న ఒక విద్యుత్ సబ్‌స్టేషన్లో మంటలు చెలరేగడంతో లండన్ హీత్రో విమానాశ్రయం దాదాపు రోజంతా మూతపడింది. ఇలాంటప్పుడు ఒకే టికెట్ ఉన్నవాళ్లకూ అవస్థలు తప్పవు. కానీ వాళ్లను గమ్యం చేర్చాల్సిన పూచీ ఒకరికి ఉంటుంది. విడి టికెట్లవాళ్లకు ఆ భరోసా ఉండదు.

మరి తెలుసుకోవడమెలా? టికెట్ మీద మొత్తం ప్రయాణానికి ఒకే పీఎన్ఆర్, ఒకే ఈ-టికెట్ నంబరు ఉన్నాయేమో చూడండి. 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అన్న మాట కనిపిస్తే అవి విడి టికెట్లేనని అర్థం. ఏజెంటు దగ్గర కొంటుంటే ఒక్క ప్రశ్న వేయండి... 'మొదటి విమానం ఆలస్యమైతే రెండోదానికి ఎవరు పూచీ?' అని. జవాబు నసిగితే ఆ టికెట్ వద్దనుకోండి.

రెండు గంటలంటే రెండు గంటలు కాదు!

ప్రతి విమానాశ్రయానికీ కనీస కనెక్షన్ సమయం అని ఒకటి ఉంటుంది. అంతకన్నా తక్కువ వ్యవధి ఉన్న విమానాలను ఒకే టికెట్‌గా కలిపి అమ్మరు. ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి పెద్ద విమానాశ్రయంలో కూడా అది 45 నిమిషాలే. అయితే ఆ లెక్క దారి తెలిసి, చకచకా నడవగలిగేవాళ్లకు. మోకాళ్లనొప్పులతో, చేతిలో రెండు సంచులతో, ప్రతి బోర్డు దగ్గరా ఆగి చదువుకుంటూ వెళ్లేవాళ్లకు కాదు.

టికెట్‌లో రెండు గంటల విరామం ఉందనుకోండి. విమానం అరగంట ఆలస్యంగా దిగింది. గేటు దాకా చేరి, తలుపులు తెరిచి, వెనక వరుసల్లోనివాళ్లు దిగేసరికి మరో 20 నిమిషాలు. సెక్యూరిటీ తనిఖీ క్యూలో 20 నిమిషాలు. బాత్రూమ్‌కు వెళ్లి, గేటు వెతుక్కుని నడిచేసరికి ఇంకో 25 నిమిషాలు. గేటేమో విమానం బయల్దేరడానికి 15-20 నిమిషాల ముందే మూసేస్తారు. చివరికి చేతిలో మిగిలింది... అయిదో పదో నిమిషాలు!

అందుకే పెద్దవాళ్లు, చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు కనీసం మూడు గంటల విరామం ఉండేలా చూసుకోవడం మేలు. నాలుగున్నా నష్టం లేదు. మరో సంగతి... మీరు ఎక్కాల్సిన రెండో విమానం ఆ రోజుకు ఆ ఊరికి ఆఖరిదేమో కనుక్కోండి. అది తప్పితే రాత్రంతా అక్కడే పడిగాపులు. దాని తర్వాత మరొకటి ఉంటే పూటలో బయటపడొచ్చు.

ఈ విరామంలోనే మరో తనిఖీ ఉంటుంది కాబట్టి చేతిసంచిలో ఏముందో ముందే చూసుకోవాలి. 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలను చాలాచోట్ల వెళ్లనివ్వరు. నెయ్యి, ఆవకాయ, పెరుగన్నం మీద పెరుగు... వాళ్ల దృష్టిలో అన్నీ ఆ బాపతే. గసగసాలైతే అసలు పెట్టుకోవద్దు. మన వంటింట్లో మసాలా దినుసు యూఏఈలో నిషిద్ధ వస్తువు!

పెట్టె డాలస్‌ది... దిగేది చికాగోలో

అమెరికా వెళ్లేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే అక్కడే ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తిచేయాలి. చికాగో మీదుగా డాలస్ వెళ్తున్నారనుకుందాం. హైదరాబాద్‌లో పెట్టెకు డాలస్ ట్యాగే కడతారు. 'అయితే డాలస్‌లో తీసుకుంటే చాలు' అనుకుంటారు. కానీ చికాగోలో బెల్టు మీదినుంచి దించుకుని, కస్టమ్స్ దాటించి, అక్కడే ఉండే మరో కౌంటర్లో తిరిగి అప్పగించాలి. ఆపైన మళ్లీ సెక్యూరిటీ. అవసరమైతే మరో టెర్మినల్‌కు ప్రయాణం. ఇమిగ్రేషన్ క్యూ ఎంత ఉంటుందో ఆ పూట రద్దీని బట్టి ఉంటుంది. అందుకే అమెరికాలో మారాల్సివస్తే మూడు గంటలకు తగ్గకుండా చూసుకోండి.

దీనికో మినహాయింపు ఉంది. అబుదాబిలో 2014 నుంచి అమెరికా అధికారులే ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు చేస్తున్నారు. అవి అక్కడే ముగించుకున్నవాళ్లు అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా నేరుగా బయటికి రావొచ్చు. కాకపోతే ఆ తనిఖీకి పట్టే సమయాన్ని అబుదాబి విరామంలో కలుపుకోవాలి.

తిరుగు ప్రయాణంలో మనదేశంలోనూ ఇదే పద్ధతి. దిల్లీలోనో ముంబయిలోనో దిగి హైదరాబాద్‌కో విశాఖకో రావాలంటే సాధారణంగా ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే. పెట్టెలు తీసుకుని మళ్లీ ఇవ్వాలి. దిల్లీలో అంతర్జాతీయ విమానాలు మూడో టెర్మినల్‌కు వస్తాయి. దేశీయ విమానం ఒకటో టెర్మినల్ నుంచి అయితే బస్సో ట్యాక్సీయో ఎక్కి వెళ్లాల్సిందే.

అర్ధరాత్రి తికమక

హైదరాబాద్ నుంచి విదేశాలకు వెళ్లే విమానాలు చాలావరకూ అర్ధరాత్రి దాటాకే. టికెట్ మీద '15వ తేదీ 00.40' అని ఉంటుంది. 15వ తేదీ రాత్రి తీరిగ్గా భోంచేసి బయల్దేరితే విమానం వెళ్లిపోయి దాదాపు రోజవుతుంది! విమానాశ్రయానికి చేరాల్సింది 14వ తేదీ రాత్రే. అలాగే గమ్యం చేరే సమయం పక్కన '+1' అని ఉంటే మర్నాడని అర్థం.

టికెట్ మీద రాసేవన్నీ ఏ ఊరి సమయం ఆ ఊరివే. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి అక్కడ ఆరున్నరకు దిగితే, ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. చేతి గడియారాన్ని మార్చుకోకపోతే గేటు దగ్గర కంగారు ఖాయం.

ఇంకొకటి... టికెట్ ఆర్నెల్ల ముందే కొంటారు. మార్చి, అక్టోబరు నెలల చివర్లో విమాన సంస్థల వేళలు మారతాయి. మూడు గంటల విరామం కాస్తా గంటకు కుంచించుకుపోవచ్చు. ఆ సమాచారం టికెట్‌లో ఇచ్చిన ఫోనుకో మెయిల్‌కో వస్తుంది. ఏజెంటుది కాకుండా మీ ఇంట్లోవాళ్లది ఇవ్వండి. మార్పు మరీ ఇబ్బందికరంగా ఉంటే వేరే విమానం అడిగే వీలుంటుంది.

దిగకపోయినా వీసా?

విమానాశ్రయం దాటి బయటికి రాకపోయినా కొన్ని దేశాలు ట్రాన్సిట్ వీసా అడుగుతాయి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే యూరప్‌లోని షెంజెన్ దేశాల్లో సాధారణంగా అది అక్కర్లేదు. అయితే ఒకే విమానాశ్రయంలో, ట్రాన్సిట్ ప్రాంతం దాటకుండా మారినప్పుడే ఈ వెసులుబాటు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, పారిస్ వెళ్లి, అక్కడినుంచి న్యూయార్క్ అంటే కుదరదు. ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ మధ్య ప్రయాణం వాళ్లకు దేశీయ ప్రయాణం లాంటిదే. షెంజెన్ వీసా లేకపోతే హైదరాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వకపోవచ్చు. బ్రిటన్ నిబంధనలు వేరు. ఇవి మారుతూ ఉంటాయి కాబట్టి డబ్బు కట్టేముందే ఆ దేశ రాయబార కార్యాలయం సమాచారం చూడాలి.

ఊరి పేరు చూసి ఊరుకోకూడదు కూడా. లండన్‌లో హీత్రోలో దిగి గాట్విక్‌లో ఎక్కాలంటే రోడ్డు మీద 60 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. న్యూయార్క్‌లో కెన్నడీ, నెవార్క్ కూడా అంతే... రెండూ వేర్వేరు చోట్ల ఉన్నాయి.

మొదటి కనెక్షన్ మన ఊళ్లోనే

గుంటూరు నుంచో భీమవరం నుంచో కారులో శంషాబాద్ రావడమూ కనెక్షనే. దానికి ఎవరి పూచీ ఉండదు. సంక్రాంతి రోజుల్లో విజయవాడ హైవేపై టోల్‌గేట్ల దగ్గర వాహనాల బారులు తెలిసినవే. చెకిన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. పైగా మొదటి విమానం ఎక్కకపోతే టికెట్‌లోని మిగతా ప్రయాణం మొత్తం, తిరుగు ప్రయాణంతో సహా రద్దయిపోయే ప్రమాదముంది. పండగరోజుల్లో ముందురోజే వచ్చి బంధువుల ఇంట్లో ఉండటం ఉత్తమం.

అమ్మానాన్నలు ఒంటరిగా వెళ్తుంటే...

* వీల్‌చెయిర్ సాయం కావాలని టికెట్ కొన్నప్పుడే, కనీసం 48 గంటల ముందు చెప్పండి. వాళ్లను అందరూ దిగాకే దించుతారు. కాబట్టి విరామం ఎక్కువ ఉండాలి.

* హైదరాబాద్‌లోనే అన్ని విమానాల బోర్డింగ్ పాసులూ అడగండి. పెట్టె ట్యాగు మీద ఏ ఊరి కోడ్ ఉందో చూసి, ట్యాగు రసీదు ఫొటో తీసి పిల్లలకు పంపండి.

* పేరు, విమానాల నంబర్లు, వెళ్లే చిరునామా, పిల్లల ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద ఇంగ్లిషులో రాసి పాస్‌పోర్టులో పెట్టండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా కాగితం పనిచేస్తుంది.

* మందులు, చీటీ, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి.

* విమానం తప్పితే బయటికి వెళ్లొద్దు. అదే సంస్థ ట్రాన్స్‌ఫర్ డెస్కుకు వెళ్లి కొత్త బోర్డింగ్ పాస్ తీసుకోవాలి. భోజనం, బస ఇస్తారేమో అడగాలి. పెట్టెలు ఏ విమానంలో వస్తాయో కనుక్కోవాలి. సొంతంగా ఖర్చుపెడితే బిల్లులు దాచుకోవాలి.

విరామం కాస్త ఎక్కువైతే పోయేదేముంది? ఓ కప్పు కాఫీ, ఓ కునుకు. తక్కువైతే ఎంత ఖర్చవుతుందో, ఎంత కంగారుపడాలో ఎవరూ చెప్పలేరు. టికెట్ ధర పక్కన ఈ లెక్క కూడా వేసుకుని కొంటే, పిల్లల దగ్గరికి చేరే దాకా అటూ ఇటూ అందరూ నిశ్చింతగా ఉండొచ్చు.