శ్రమించి చేసిన పాఠం.. పది కాలాలు నిలవాలంటే!

* ఆన్‌లైన్‌ పాఠాల తయారీకి ఉచిత సాఫ్ట్‌వేర్లు
* ఫాంటు, ఫైలు ఎంపికలో జాగ్రత్త తప్పనిసరి

సెలవు దినాల్లోనూ కూర్చొని ఉపాధ్యాయుడు తయారు చేసిన కంప్యూటర్‌ పాఠం కొన్నేళ్లకే తెరుచుకోకుండా పోతే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఫ్లాష్‌ పరిజ్ఞానంతో రూపొందించిన పాఠాలకు ఇదే గతి పట్టింది. అడోబ్‌ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌ ప్లేయర్‌కు మద్దతు నిలిపివేసింది. 2021 జనవరి 12 నుంచి అందులో ఏదీ నడవకుండా అడ్డుకట్ట వేసింది. పాఠంలో ఏం చెప్పాలన్నదే కాదు, దానిని ఏ పనిముట్టుతో చేయాలన్నదీ ముఖ్యమేనని ఈ అనుభవం చాటింది.

పుటల కూర్పు ఇలా..

న్యూజిలాండ్‌లో ప్రభుత్వ సాయంతో మొదలై, అనంతరం స్పెయిన్‌లో అభివృద్ధి చెందిన ‘ఎక్స్‌ఈ లెర్నింగ్‌’ ఉచితంగా లభిస్తుంది. ప్రోగ్రామింగ్‌ తెలియనివారూ దీనిని వాడవచ్చు. కంప్యూటర్‌లో ఒకసారి ఎక్కించుకుంటే నెట్‌ లేకున్నా పనిచేస్తుంది. ఉదాహరణకు కిరణజన్య సంయోగక్రియ పాఠాన్నే తీసుకుంటే, మొదటి పుటలో వివరణ, రెండో పుటలో ఆకు అంతర్నిర్మాణం బొమ్మ, మూడో పుటలో అయిదు ప్రశ్నలు అమర్చవచ్చు. పూర్తయ్యాక వెబ్‌ పుటలుగా, ఈ-పుస్తకంగా లేదా ‘స్కార్మ్‌’ ప్యాకేజీగా భద్రపరచవచ్చు.

స్కార్మ్‌ అనేది అమెరికా రక్షణ శాఖ చేపట్టిన కార్యక్రమం ద్వారా రూపొందిన ప్రమాణం. విద్యార్థి పాఠం పూర్తి చేశాడా, ఎన్ని మార్కులు సాధించాడు అన్న సమాచారాన్ని మూడిల్‌ వంటి బోధనా వేదికకు చేరవేయడం దీని పని. ఒక వేదిక మూతపడినా అదే ప్యాకేజీని ఈ ప్రమాణాన్ని పాటించే మరో వేదికలోకి మార్చుకునే వీలుంటుంది.

వీడియో మధ్యలో ప్రశ్న

నార్వేలో పుట్టిన ‘హెచ్‌5పీ’ 2013లో వెలువడింది. వీడియోను కోరిన చోట ఆపి ప్రశ్న అడగడం, పదాలను లాగి సరైన స్థానంలో ఉంచడం వంటి అభ్యాసాలు దీనితో సాధ్యమవుతాయి. ఇవి హెచ్‌టీఎంఎల్‌5పై ఆధారపడినందున సెల్‌ఫోన్‌ బ్రౌజర్‌లోనూ నడుస్తాయి. వేరే ప్లేయర్‌ అవసరం లేదు.

గొంతు రికార్డు చేయడానికి 2000లో విడుదలైన ‘ఆడాసిటీ’ ఉపకరిస్తుంది. పది నిమిషాల మాటను సీడీ నాణ్యతతో, ఒకే ఛానల్‌లో, కుదించకుండా ఉంచితే సుమారు 53 ఎంబీ అవుతుంది. అదే 64 కేబీపీఎస్‌ ఎంపీ3గా మార్చితే 5 ఎంబీకి లోపే ఉంటుంది. మాట స్పష్టతకు అది చాలు. డేటా పొదుపుగా వాడుకునే పల్లె విద్యార్థికి ఈ తేడా ఎంతో కీలకం.

తెలుగుకు యూనికోడే దిక్కు

డీటీపీ కేంద్రాల పాత ఫాంట్లలో ఆంగ్లాక్షరాల సంకేతాల స్థానంలోనే తెలుగు ఆకారాలు అమర్చి ఉంటాయి. ఆ ఫాంటు లేని ఫోనులో పాఠం అర్థం లేని ఆంగ్లాక్షరాల గుంపుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉంది. 1991 నాటి తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. పోతన 2000, నోటో సాన్స్‌ తెలుగు వంటి యూనికోడ్‌ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అంధ విద్యార్థులకు తెరపై రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లకూ యూనికోడ్‌ పాఠమే అర్థమవుతుంది. పాత ఫైళ్లను కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు. అయితే మార్చిన తర్వాత ఒత్తులు, సంయుక్తాక్షరాలను తప్పక సరిచూసుకోవాలి.

ఇవి మరవొద్దు..

* తుది ప్యాకేజీతో పాటు, మార్పులు చేయడానికి వీలుండే మూల ఫైలునూ రెండు చోట్ల దాచుకోవాలి. సిలబస్‌ మారితే పాఠాన్ని మొదటి నుంచి చేసే బాధ తప్పుతుంది.
* నెట్‌లో కనిపించిన ప్రతి బొమ్మనూ వాడరాదు. క్రియేటివ్‌ కామన్స్‌ అనుమతి ఉన్నవాటిని, దాని షరతులకు లోబడి, రచయిత పేరు పేర్కొంటూ వాడాలి.
* తరగతికి ఇచ్చే ముందు పాఠాన్ని తక్కువ ధర ఫోనులో, బలహీనమైన సిగ్నల్‌ ఉన్న చోట తెరిచి చూడాలి. అక్కడ తెరుచుకున్న పాఠమే విద్యార్థికి అందినట్లు.