నాలుగు తీగల లోగుట్టు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి గిటారు గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా ఇంట్లోనూ అదే అడిగారు.

కిందటి దసరాకు ప్రొద్దుటూరులో ఒక పందిట్లో పాటకచేరీ వింటున్నాను. ప్రొద్దుటూరు దసరా అంటే సామాన్యమా! వీధులన్నీ దీపాల తోరణాలే. వేదిక మీద బేస్ గిటారు పట్టుకున్న కుర్రవాడు నా పాత విద్యార్థి. పాటకూ పాటకూ నడుమ అతని స్పీకరు పెట్టెలోంచి ఒకటే రొద, గదిలో తుమ్మెద చిక్కుకున్నట్టు. ముందు వరుసలో ఒక పెద్దమనిషి, “ఆ గిటారాయన్ని దిగిపొమ్మనండయ్యా” అన్నాడు.

కచేరీ ముగిశాక కుర్రవాడు దిగులుగా వచ్చాడు. “గిటారు బాగలేదు సార్. యాడన్నా అమ్మేస్తా” అన్నాడు. చీటీ పాడిన డబ్బుతో ఎవరో వాడిన గిటారు కొన్నాడు. “ఇంత దుడ్డు పెడితివి. దాని సప్పుడు ఎవురికన్నా ఇనపడతాదా?” అని వాళ్ళ నాయన రోజూ ఎత్తిపొడుపు.

ఆయన అన్నదీ పూర్తిగా అబద్ధం కాదు. లావుపాటి తీగ సెకనుకు 41 సార్లు మాత్రమే ఊగుతుంది. అంత మంద్రంలో పలికే నాదం పాటకు పునాది వంటిది. ఇల్లు చూడవచ్చినవాళ్ళు పునాదిని పలకరిస్తారా?

రెండు రోజులకు వాళ్ళ బృందానికి జమ్మలమడుగులో పెళ్ళి కచేరీ ఉంది. అక్కడ రేడియోలూ మిక్సీలూ బాగుచేసే ఒక ముసలాయన ఉన్నాడని విని, కుర్రవాడితోపాటు నేనూ బస్సెక్కాను. నాకు ఈ పాఠం చెప్పిన గురువు ఆ ముసలాయనే.

వీణకు కుండ ఉంది, నాదం దానిలో నిండుతుంది. ఈ గిటారుకు కడుపే లేదు, గట్టి చెక్క. మరి పలికేది ఎవరు? తీగల కింద పికప్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. దానిలో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకవంటి రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం చలిస్తుంది. ఆ చలనానికి రాగిచుట్టలో పిసరంత కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన ధర్మమే ఇది. 1951లో అమెరికాలో లియో ఫెండర్ దీన్నే నాలుగు తీగల ప్రెసిషన్ బేస్‌లో బిగించి బజారుకు తెచ్చాడు. ఉక్కుకు బదులు ఇత్తడి తీగ కడితే ఆ పికప్ నోరు మెదపదు.

కరెంటు వాద్యమనగానే మనవాళ్ళు ముఖం చిట్లిస్తారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌నూ మొదట్లో కొందరు శంకించారు. మామూలు మాండొలిన్‌కు జంట తీగలు, మీటిన నాదం చిటికెలో ఆరిపోతుంది. ఆయన అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. నాదం నిలిచింది, గమకం పలికింది. 2014లో ఆయన పోయేనాటికి ఆ శంక ఎవరికీ మిగల్లేదు.

మా కుర్రవాడి గిటారుకు రెండు పికప్‌లు. 1960లో వచ్చిన జాజ్ బేస్ తరహా అట. మెడ వైపు పికప్ ఉన్నచోట తీగ బాగా ఊగుతుంది కనుక స్వరం నిండుగా, గుండ్రంగా వస్తుంది. బ్రిడ్జి దగ్గర ఊపు తక్కువ. సన్నటి అనుస్వరాలు పైకి తేలి, కాస్త ముక్కుతో మాట్లాడినట్టు వినిపిస్తుంది. తీగ ఒకటే, మీటిన వేలు ఒకటే. ఎక్కడ చెవి పెట్టి విన్నామన్నదే తేడా!

ఇక ఆ రొద సంగతి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. లావు తీగను మూడో మెట్టు మీద నొక్కితే పలికే స్వరం 49. దొంగ ఇంటివాడి గొంతుతోనే పిలుస్తున్నాడన్నమాట! అందువల్ల టోన్ మర తిప్పితే వాడు పోడు. ఆ మర మా కె.సి. కాలువ తూము వంటిది. ఒక కపాసిటరు ద్వారా సన్నటి శబ్దాలను పక్కకు మళ్ళించగలదేగాని, లేని నీళ్ళు తేలేదు, అడుగునున్న రొదను తియ్యలేదు.

అందుకే రెండు పికప్‌లను ఒకదానికొకటి ఎదురుగా చుట్టారు. రెండూ సమంగా తెరిస్తే ఒకదాని రొదను మరొకటి కొట్టివేస్తుంది, స్వరాలు మాత్రం కలుస్తాయి. మావాడు ముక్కు గొంతు మీద మోజుతో ఒకదాన్ని పూర్తిగా మూసేశాడు. దీపాల తోరణాల నడుమ ఇంకేముంది!

“తీగల్ని పట్టుకో నాయనా” అన్నాడు ముసలాయన. పట్టుకున్నాడు. రొద తగ్గలేదు. వైరు దూర్చే చోట లోహాన్ని తాకమన్నాడు. తగ్గింది. బ్రిడ్జి ఊడదీస్తే కింద ఎర్తు తీగ తెగి ఉంది. సోల్డరు చుక్క ఒకటి. డబ్బు తీసుకోనన్నాడు, టీ మాత్రం తాగాడు.

ఆ వారమే పులివెందులలో కచేరీ. ఈసారి కుర్రవాడి నాయనను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ రాత్రి ముందు వాయించవలసింది వేరే బృందం. వాళ్ళ గిటారు బ్యాటరీది. 1976లో స్టింగ్‌రే వచ్చినప్పటి నుంచీ ఇటువంటివి విరివి అయ్యాయి. ఇది తూము కాదు, బోరు మోటారు. లోపలి సర్క్యూటు మంద్రాన్నీ తారాన్నీ పైకెత్తగలదు. కాని వైరు గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. మధ్యాహ్నం నుంచి ఎవరూ పీకలేదు. మొదటి పాటకే గిటారు గరగరమని మూగబోయింది. మావాడిని పిలిచారు.

మూడో పాటలో ఎవరి కాలో తగిలి మావాడి వైరు ఊడింది. గాయకుడు ఆగలేదు, తబలా ఆగలేదు. నా పక్కన జంపఖానా మీద కూర్చున్న నాయన అటూ ఇటూ చూశాడు.

“ఏందో తగ్గింది సార్. ఏంది?”

నేను వేదిక వైపు చూపించాను. కుర్రవాడు వంగి వైరు దూర్చాడు.

“ఆఁ… వచ్చె” అన్నాడాయన.