బాలాపూర్ లడ్డూ తెలుసు.. మరి పక్కనే తయారైన ఫైటర్ జెట్ డిస్క్ సంగతి తెలుసా?

బాలాపూర్ అనగానే గుర్తొచ్చేది లడ్డూ వేలం. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట 2024లో 30 లక్షలు దాటింది. ఏటా కెమెరాలన్నీ అటే తిరుగుతాయి, మావి కూడా. కానీ అక్కడికి దగ్గర్లోనే డీఎంఆర్‌ఎల్ చౌరస్తా ఉంది. రోజూ వేల మంది దాటిపోయే ఆ చౌరస్తాకు పేరిచ్చింది డిఫెన్స్ మెటలర్జికల్ రీసెర్చ్ లేబొరేటరీ. కంచన్‌బాగ్‌లోని ఈ ల్యాబ్ 2021 మేలో ఒక వార్తలోకి వచ్చింది. కరోనా సెకండ్ వేవ్ నడుస్తున్న రోజులు కావడంతో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఆ వార్త ఏంటంటే.. విమాన ఇంజిన్‌లో హై ప్రెషర్ కంప్రెసర్ డిస్కులు ఉంటాయి. అడోర్ ఇంజిన్‌కు కావాల్సిన 5 దశల డిస్కులనూ టైటానియం మిశ్రమంతో ఇక్కడే ఫోర్జ్ చేసే టెక్నాలజీని డీఎంఆర్‌ఎల్ సాధించింది. పక్కనే ఉన్న మిధానీతో కలిసి 200 డిస్కులు తయారుచేసి బెంగళూరులోని హెచ్‌ఏఎల్ ఇంజిన్ విభాగానికి పంపింది. జాగ్వార్ ఫైటర్‌కు అడోర్ ఇంజిన్లు రెండు. బీదర్‌లో ట్రైనీ పైలట్లు నడిపే హాక్‌కు ఒక్కటే. గాల్లో ఉండగా ఆ ఒక్క ఇంజిన్‌లో డిస్క్ పగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఒక లోహపు చక్రం చేయడం అంత కష్టమా?

జొన్నరొట్టె చేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వేడినీళ్లతో కలిపిన పిండిని వేడి మీదే తట్టాలి. చల్లారిందా, అంచులు పగుళ్లిస్తాయి. టైటానియం కూడా అంతే, ఇంకా మొండిది. వేడి చేసిన దిమ్మను చల్లని అచ్చులో పెట్టి నొక్కితే పైపొర చల్లబడి గట్టిపడుతుంది, లోపల మాత్రం మెత్తగానే ఉంటుంది. ఎందుకంటే ఈ లోహంలో వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది. విమానాల్లో ఎక్కువగా వాడే టైటానియం మిశ్రమం వేడిని మోసే శక్తి స్వచ్ఛమైన అల్యూమినియంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు.

అందుకే అచ్చును కూడా దాదాపు దిమ్మ ఉన్నంత వేడికి తెచ్చి, నిదానంగా నొక్కుతారు. దీన్నే ఐసోథర్మల్ ఫోర్జింగ్ అంటారు. డీఎంఆర్‌ఎల్‌లో ఇందుకోసం 2000 టన్నుల ప్రెస్ ఉంది.

కథలో అసలు చిక్కు ఇంకోటుంది. ఇనుప బైండింగ్ వైరును అటూ ఇటూ పదిసార్లు వంచి, వంగిన చోట వేలు పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. లోహాన్ని శాశ్వతంగా వంచడానికి మనం పెట్టే శ్రమలో చాలా భాగం వేడిగా మారుతుంది. టేలర్, క్విన్నీ అనే ఇద్దరు 1934లోనే దీన్ని కొలిచి చూపించారు. ఇప్పుడు టైటానియం దిమ్మను నొక్కుతున్నామనుకోండి. ఎక్కడ ఎక్కువ సాగితే అక్కడ వేడి పుడుతుంది. వేడెక్కిన చోట ఇంకా మెత్తబడుతుంది, మెత్తబడ్డ చోటే మళ్లీ సాగుతుంది. వేడి బయటికి పోయే దారి లేక అదంతా ఒక సన్నటి పట్టీలో పోగుపడితే పగులుకు అదే మొదలు. విరివిగా వాడే మిశ్రమానికి 1000 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త ముందే ఒక గీత ఉంటుంది. అది దాటితే లోహం లోపలి అమరికే మారిపోతుంది. బయటికి డిస్క్ నిగనిగలాడుతూనే కనిపిస్తుంది!

లోపల ఏం జరుగుతోందో కంటితో చూడలేం. ప్రయోగాలు చేసి చూద్దామంటే ఒక్కో దిమ్మ, ఒక్కో అచ్చు ఖరీదైనవి. ఇలాంటి చోటే కంప్యూటర్ సిమ్యులేషన్ పనికొస్తుంది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో దిమ్మను వేల చిన్న ముక్కల వలగా విడగొడతారు. ప్రెస్ కొద్దిగా దిగినప్పుడల్లా ప్రతి ముక్కకూ రెండు లెక్కలు వేస్తారు. ఎంత సాగింది? ఎంత వేడెక్కింది? ఒకదాని జవాబు రెండోదాని ప్రశ్నలోకి వెళ్తుంది, కాబట్టి విడివిడిగా చేస్తే తప్పు వస్తుంది.

బిల్డింగ్ స్లాబుకు వేసే లెక్క ఇక్కడ పనిచేయదు. స్లాబు వంగేది మిల్లీమీటర్లలో కాబట్టి మొదటి కొలతలే చివరిదాకా వాడుకోవచ్చు. ఇక్కడ పొడుగాటి దిమ్మ చివరికి పళ్లెంలా మారిపోతుంది. మధ్యలో వల కూడా నలిగి ముక్కలు మెలికలు తిరుగుతాయి. అప్పుడు లెక్క ఆపి, కొత్త వల అల్లి, పాత ముక్కల వేడినీ సాగుడునూ దానికి ఎక్కించి మళ్లీ మొదలుపెట్టాలి. నన్నడిగితే ఈ సబ్జెక్టులో సగం తలనొప్పి ఇదే.

మరి కంప్యూటర్ చెప్పిందల్లా నిజమేనా? అస్సలు కాదు. ఏ వేడిలో, ఏ వేగంలో లోహం ఎంత మొరాయిస్తుందో ముందు చిన్న చిన్న ముక్కలను నిజంగా నొక్కి కొలవాలి. ఎక్కడ సురక్షితంగా సాగుతుందో, ఎక్కడ చెడుతుందో చూపించే ప్రాసెసింగ్ మ్యాప్ అలాగే వస్తుంది. వై.వి.ఆర్.కె. ప్రసాద్, ఆయన సహచరులు 1984లో ఈ పద్ధతిని ప్రచురించినప్పుడు తీసుకున్న ఉదాహరణ కూడా ఒక టైటానియం మిశ్రమమే. ఆ తర్వాత అచ్చుకూ దిమ్మకూ మధ్య రాపిడి ఎంత అన్నది ఇంకో పేచీ. అది తప్పుగా ఇస్తే స్క్రీన్ మీద రంగులు అందంగానే వస్తాయి, డిస్క్ మాత్రం రాదు.

డీఎంఆర్‌ఎల్ కూడా సైన్స్, నాలెడ్జ్ ఆధారిత టూల్స్‌ను కలిపే ఈ పద్ధతిని తయారుచేసుకుందని రక్షణ శాఖ ప్రకటనలో ఉంది. ఎయిర్‌వర్దీనెస్ సంస్థల పరీక్షలన్నీ దాటాకే డిస్కులకు అనుమతి వచ్చింది. కంప్రెసర్ డ్రమ్‌ను నిర్ణీత సంఖ్యలో ఆపరేషన్లు పూర్తయ్యాక మార్చి తీరాలి కాబట్టి డిస్కుల అవసరం ఏటా ఉంటూనే ఉంటుంది. ఇదే పద్ధతిని వేరే ఇంజిన్ల భాగాలకు కూడా మలచుకోవచ్చని ల్యాబ్ చెబుతోంది.