తెడ్డును మరవని చేయి

పెద్దమందడి నుంచి కృష్ణ ఒడ్డు కాస్త దూరమే. అయినా ఈ వైపు చెరువుల మీద బతికే ముదిరాజులకు, బెస్తలకు పుట్టి కొత్త కాదు. జూరాల వెనక నీళ్లలోనూ బీచుపల్లి దగ్గరా గుర్రంగడ్డ చుట్టూ తిరిగింది ఆ గుండ్రటి పడవే. మధ్యలో చెరువులు ఎండిన ఏళ్లు చాలా గడిచాయి. చేపలు పట్టే చేతులు పాలమూరు లేబరుగా మారి, ఎక్కడెక్కడో ఆనకట్టలు కట్టడానికి, కాలువలు తవ్వడానికి పోయాయి. తర్వాత భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాయి. మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. 2016 నుంచి ప్రభుత్వమే చేపపిల్లలను ఉచితంగా వదలడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ల వయసులో తెడ్డు పట్టి, నడివయసంతా పార పట్టిన మనిషి అరవై దగ్గర మళ్లీ ఒంటరిగా పుట్టి ఎక్కితే అతని ఒంట్లో ఏం జరుగుతుంది? ఇది పెద్దగా ఎవరూ అడగని ప్రశ్న. నాకు మాత్రం ఎంతో విలువైన ప్రశ్నగా తోస్తుంది.

ముందు పడవ సంగతి. వెదురు బద్దలతో అల్లి, ఒకప్పుడు తోలు, ఇప్పుడు తారు పూసిన ప్లాస్టిక్ పట్టా తొడిగేదే పుట్టి. అడ్డంగా రెండు మీటర్లు ఉండి, అడుగు చదునుగా ఉందనుకుందాం. అప్పుడు అది కప్పే నీటి వైశాల్యం 3.14 చదరపు మీటర్లు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం, ఎక్కిన ప్రతి 31 కిలోలకు పుట్టి ఒక్క సెంటీమీటరు దిగుతుంది. మనిషి, వల, పుట్టి అన్నీ కలిపి 125 కిలోలు ఉన్నా నీళ్లలో మునిగేది నాలుగు సెంటీమీటర్లే! మోకాటి లోతు లేని చోట కూడా అది తేలిపోవడానికి కారణం ఇదే. ఒరిగితే తిరిగి నిలబడే గుణం కూడా ఆ వెడల్పు నుంచే వస్తుంది. పొడవు, బరువు మారకుండా వెడల్పు రెట్టింపైతే, చిన్న ఒరుగుళ్లను తట్టుకునే ఆ గుణం సుమారు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. కానూ అనే సన్నటి, పొడవాటి పడవ ఎక్కిన కొత్తవాడు ఊగిపోతాడు. పుట్టి ఎక్కినవాడు నిబ్బరంగా కూర్చుంటాడు.

ఆ వెడల్పుకు మూల్యం దిశ దగ్గర చెల్లించాలి. పొడవాటి పడవకు ముక్కూ తోకా ఉంటాయి. పక్కకు తిరగబోతే నీళ్లే అడ్డుపడతాయి. పుట్టికి ఆ అడ్డు లేదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తోలు కప్పిన ఈ బుట్ట పడవల్లో పదిహేను ఇరవై మంది దాకా నది దాటుతారని రాశాడు. అవి మిగతా పడవల్లా తిన్నగా పోలేవనీ, ఎప్పుడూ గిరగిరా తిరుగుతూనే ఉంటాయనీ చెప్పాడు. అతను చూసింది నిజమే. కానీ నడిపేవాడు కొత్తవాడైతేనే అది అంతగా తిరుగుతుంది. పక్కన తెడ్డు వేస్తే, ఆ బలం పుట్టి నడిమధ్యకు ఒక మీటరు దూరాన పడి, దాన్ని ముందుకు తోయడం కంటే ఎక్కువగా తిప్పుతుంది. అందుకే తెలిసినవాడు ముందు అంచున మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును ఎదురుగా దించి తన వైపు లాక్కుంటాడు. బలం గీత నడిమధ్య గుండా పోతుంది కాబట్టి తిప్పే శక్తి దాదాపు ఉండదు. మిగిలిన కాస్త తిరుగుడును తర్వాతి లాగుడులో కొద్దిగా ఎడమకో కుడికో వేసి సర్దుతాడు. రెండు చేతుల మణికట్లు ఈ సర్దుబాటును ఎంత చకచకా చేస్తాయంటే, ఎలా చేస్తున్నావని అడిగితే అతను మాటల్లో చెప్పలేడు.

ఆ చెప్పలేకపోవడమే అసలు విషయం. మనకు జ్ఞాపకం ఒకే రకంగా ఉండదు. 1953లో మూర్ఛ తగ్గించడానికి చేసిన ఆపరేషన్‌లో హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ యువకుడి మెదడులోంచి హిప్పోకాంపస్ భాగాలు తొలగించారు. అప్పటి నుంచి కొత్త సంగతి ఏదీ అతని మనసులో నిలవలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అతనికి అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పని ఇచ్చింది. రోజురోజుకూ గీత సాఫయింది. అంతకుముందు తానెప్పుడూ ఆ పని చేసినట్టు మాత్రం అతనికి గుర్తు లేదు! చేతిపని నేర్చే చోటు వేరు, సంగతులు గుర్తుంచుకునే చోటు వేరు అని దానితో తేలింది. చేతిపనిని ప్రధానంగా చిన్నమెదడు, మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియా చూసుకుంటాయి. అక్కడ బాగా కుదురుకున్న పని ఏళ్లు గడిచినా పోదు. తెడ్డు పట్టిన కొద్దిసేపటికే పాత లయ చేతికి తిరిగి రావడం వింతేమీ కాదు.

కండల లెక్క వేరు. ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుందని అంచనా. అరవై దాటాక ఆ తగ్గుదల ఇంకా వేగంగా ఉంటుంది. అందులోనూ ఎక్కువ చిక్కిపోయేవి ఒక్కసారిగా బలం చూపే తంతువులు. నిదానంగా, ఎక్కువసేపు పనిచేసేవి మెరుగ్గా నిలుస్తాయి. గుండె గరిష్ఠ వేగం కూడా తగ్గుతుంది. 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేస్తే సగటు మనిషికి వచ్చే అంకె అది: 25 ఏళ్లకు సుమారు 190, 65 ఏళ్లకు 162. అంటే మనసు తెడ్డును పాత వేగంతో వేయమంటుంది, ఒళ్లు ఆ వేగానికి కావలసిన శక్తిని ఇవ్వలేదు.

ఇక్కడ నీళ్ల స్వభావం పెద్దవాళ్లకు ఒక మేలు చేస్తుంది. నీటి నిరోధాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగానికి దాదాపు ఘనంలో పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల శక్తి పెట్టాలి. తిరగేసి చూడండి: వేగం ఐదో వంతు తగ్గిస్తే ఖర్చయ్యే శక్తి సుమారు సగానికి పడిపోతుంది. పది నిమిషాల్లో దాటే చెరువును పన్నెండున్నర నిమిషాల్లో దాటుతారు, గుండె మీద భారం బాగా తగ్గుతుంది. వయసు తెడ్డుకు అడ్డు కాదనడానికి ఒక ఉదాహరణ: పోలండుకు చెందిన అలెగ్జాండర్ డోబా ముప్పై నాలుగేళ్ల వయసులో కయాక్ అనే సన్నటి పడవ నడపడం మొదలుపెట్టాడు. అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా మూడుసార్లు దాటాడు. మూడోసారి, 2017లో, అమెరికా నుంచి ఫ్రాన్స్ చేరినప్పుడు అతనికి డెబ్బై ఒకటి నిండడానికి కొద్ది రోజులే మిగిలాయి. ఆ ప్రయాణానికి 110 రోజులు పట్టింది.

పోయిన కండ కొంతవరకు తిరిగి వస్తుంది కూడా. 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ల వాళ్లతో ఎనిమిది వారాలు బరువుల వ్యాయామం చేయిస్తే, కాళ్ల బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. కానీ కండ తేరుకున్నంత త్వరగా కండను ఎముకకు కట్టే స్నాయువులు తేరుకోవు. వాటికి రక్త సరఫరా తక్కువ. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇదే. మెదడుకు లయ మొదటి రోజే వస్తుంది, కండకు బలం నెలల్లో వస్తుంది, భుజం స్నాయువు అన్నిటికంటే వెనకబడుతుంది. నడపడం వచ్చింది కదా అన్న ధైర్యంతో మొదటి వారమే చెరువు అవతలికి పోయినవాడికి భుజం పట్టేస్తుంది. మొదటి నెల కట్ట పక్కనే ఉండాలి. తెడ్డు లాగేటప్పుడు చేతులు భుజాల కంటే పైకి లేవకూడదు, నడుము ముందుకు వంచి వెనక్కి వస్తూ లాగాలి. అప్పుడు బరువంతా భుజం మీద పడకుండా వీపు, తొడలు పంచుకుంటాయి.

ఒంటి నిలకడ కూడా వయసుతో మారుతుంది. లోచెవిలో ఒరుగుడును పసిగట్టే రోమకణాలు తగ్గుతాయి, అరికాళ్ల స్పర్శ మందగిస్తుంది, కబురు అందాక ఒళ్లు కదలడానికి ఇంకాస్త ఎక్కువ సమయం పడుతుంది. కుర్రతనంలో నిలబడి వల విసిరినవాడు ఇప్పుడు మోకాళ్ల మీద ఉండి విసరడం మేలు. గరిమనాభి కిందికి దిగితే ఆ ఆలస్యాన్ని పడవే భరిస్తుంది. పుట్టి ఎంత నిలకడైనదైనా అంచు నీటికి దగ్గరే. ఒకే అంచుకు చేరి, బరువైన వలను ఒక్కసారిగా గుంజితే నీళ్లు లోపలికి వస్తాయి.

దప్పిక కూడా నమ్మదగ్గ సూచిక కాదు. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం ఆలస్యంగా తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. దాహం వేయకపోయినా గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండాలి. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవాళ్లు ముందుగా డాక్టర్‌ను అడగాలి.

గాలి గురించి మత్స్యకారులకు నేను చెప్పేదేమీ లేదు, ఎందుకు అలా జరుగుతుందో మాత్రం చెప్పగలను. నాలుగు సెంటీమీటర్లే మునిగిన పడవను నీళ్లు గట్టిగా పట్టుకోలేవు, పైన ఉన్నదంతా గాలి పాలే. అలసట లేనప్పుడే గాలికి ఎదురుగా పోయి, అలసిన చేతులతో వచ్చేటప్పుడు గాలి వెంట రావాలి. నదిలో లెక్క ఇంకా కఠినం. సెకనుకు ఒక మీటరు పారే నీళ్లంటే గంటకు 3.6 కిలోమీటర్లు. ఒక్క మనిషి తెడ్డుతో గుండ్రటి పడవను దానికి ఎదురు నిలబెట్టడం దాదాపు అసాధ్యం. జూరాల గేట్లు ఎత్తిన రోజుల్లో దిగువన పుట్టి వేయకూడదు.

ఒకవేళ నీళ్లలో పడితే, మళ్లీ పుట్టిలోకి ఎక్కాలని చూడకండి. ఒంటరిగా అంచు పట్టి పైకి లాక్కోవడానికి కావలసింది వయసుతో ముందుగా పోయే ఆ క్షణికబలమే. లాగిన వైపు పుట్టి వంగి నీళ్లు నింపుకుంటుంది, రెండు మూడు ప్రయత్నాల్లో ఊపిరి అయిపోతుంది. వెదురు నీటి కంటే తేలిక. తిరగబడ్డ పుట్టి కూడా సాధారణంగా మునిగిపోదు. లైఫ్ జాకెట్ వేసుకుని ఉంటే, తెడ్డును వదిలేసి, ఒక చేత్తో అంచు పట్టుకుని, కాళ్లు నెమ్మదిగా ఆడిస్తూ గాలి తోసే వైపున ఉన్న ఒడ్డుకు పోవచ్చు. వలకు మాత్రం దూరంగా ఉండాలి. నీళ్లలో వదులైన వల కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాడికైనా విడిపించుకోవడం కష్టం. పుట్టి ఎక్కేముందు వల కోసే చిన్న కత్తిని జాకెట్ జేబులో పెట్టుకోవాలి, ఎటు పోతున్నదీ ఏ పొద్దుకు వచ్చేదీ ఇంట్లో చెప్పి బయల్దేరాలి.