వరండాకి అద్దాలు బిగించే ముందు ఈ లెక్క చూడండి: నందిగామ, జగ్గయ్యపేట ఇళ్లకి సన్‌రూమ్ పనికొస్తుందా?

ఈ ఎపిసోడ్ నందిగామ నుంచి ఒక అక్క పెట్టిన మెసేజ్ వల్ల చేస్తున్నాను. వాళ్లది పడమర ముఖం ఇల్లు. ముందు పది బై పన్నెండు వరండా ఉంది. తమ్ముడు అమెరికాలో ఎడిసన్‌లో ఉంటాడు. వాళ్ల ఇంటి వెనక సన్‌రూమ్ ఉందట, చుట్టూ అద్దాలు, లోపల మొక్కలు, సోఫా. ఆ ఫోటోలు చూశాక ఇక్కడ కూడా వరండా చుట్టూ అద్దాలు బిగించి నాన్నగారికి గది చేద్దామనుకున్నారు. ఆయనకి మెట్లెక్కడం కష్టంగా ఉంది. కొటేషన్ కూడా వచ్చేసింది. "తమ్ముడూ, అడ్వాన్స్ ఇచ్చేయమంటావా?" అని అడిగారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. అక్కా, అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వద్దు. నాన్నగారికి గది చేయచ్చు, కానీ ఆ డ్రాయింగ్‌తో కాదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. నేను చదివింది బీటెక్ కంప్యూటర్స్, సివిల్ కాదు. కాబట్టి పునాది, స్తంభాలు లాంటివి మీ ఊళ్లో ఇంజినీరుకి చూపించాల్సిందే. ఎండ లెక్కకి మాత్రం టెన్త్ ఫిజిక్స్ చాలు.

సన్‌రూమ్ ఎవరి కోసం పుట్టింది?

ఎడిసన్‌లో జనవరి అంటే మంచు. డిసెంబర్‌లో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 26 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆ కాస్త ఎండని పట్టుకుని ఇంట్లో దాచుకోవాలని అద్దాల గది కట్టుకుంటారు. అద్దం పని అదే. ఎండని లోపలికి రానిస్తుంది, లోపల నేల, సామాను వేడెక్కి వదిలే వేడిని బయటికి పోనివ్వదు. ఎండలో అద్దాలు ఎత్తి ఆపిన కారు తలుపు తీయగానే ముఖానికి కొట్టే సెగ గుర్తు తెచ్చుకోండి. సన్‌రూమ్ అంటే అదే సూత్రం, చలిదేశంలో అది వరం.

మన నందిగామ, జగ్గయ్యపేటలో అదే డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మే మొదటి వారం దాటిన దగ్గర నుంచి ఆగస్టు మొదటి వారం దాకా అయితే మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపుకే ఉంటాడు. మనకి ఎండ కొరత ఏ నెలలోనూ లేదు. మనకి కావలసింది నీడగది.

పడమటి ఎండ లెక్క

మే నెల మధ్యలో సాయంత్రం నాలుగున్నరకి మన దగ్గర సూర్యుడు 28 డిగ్రీల ఎత్తుకి దిగిపోతాడు. ఆ టైంలో పడమర గోడ మీద చదరపు మీటరుకి సుమారు 600 వాట్ల ఎండ పడుతుంది. అక్క వాళ్ల కొటేషన్‌లో పడమర వైపు అద్దం పది అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. అంటే 60 చదరపు అడుగులు, మీటర్లలో ఐదున్నర పైచిలుకు. మామూలు తెల్ల అద్దం తన మీద పడ్డ ఎండ వేడిలో 80 శాతం దాకా లోపలికి వదులుతుంది. గుణిస్తే రెండున్నర కిలోవాట్లు దాటింది.

అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లు. నాన్నగారి మంచం పక్కన రెండు ఇస్త్రీ పెట్టెలు సాయంత్రం దాకా ఆన్‌లో పెట్టినదానికంటే ఎక్కువ వేడి అది. ఒక టన్ను ఏసీ తీసేయగలిగేది మూడున్నర కిలోవాట్లు. అందులో ముప్పావు వంతు ఆ ఒక్క అద్దానికే పోతుంది. పైకప్పు వేడి, గోడల వేడి ఇంకా లెక్కలోకి రానేలేదు. మరి కరెంటు పోయిన సాయంత్రం ఏమిటి పరిస్థితి? వయసు మీదపడ్డాక దాహం త్వరగా తెలియదు, చెమట కూడా తక్కువ పడుతుంది. ఒళ్లు వేడెక్కుతున్నా పెద్దవాళ్లు చెప్పరు, చాలాసార్లు వాళ్లకే తెలియదు. ఈ ఎపిసోడ్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే.

"సన్‌షేడ్ ఉంది కదా" అంటారేమో. 28 డిగ్రీల ఎండకి రెండడుగుల సన్‌షేడ్ ఇచ్చే నీడ ఒక్క అడుగు. ఆరడుగుల అద్దంలో ఐదడుగులు ఎండలోనే ఉంటుంది. దక్షిణం వైపు సన్‌షేడ్ బాగా పని చేస్తుంది, ఎందుకంటే అటు ఎండ ఎత్తు నుంచి వస్తుంది. పడమరకి మాత్రం నిలువుగా అడ్డం ఉండాలి. అది కూడా అద్దానికి బయట ఉండాలి. లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే లోపలికి వచ్చేసింది, కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. వెదురు తడక, షేడ్ నెట్, పందిరి మీదకి పాకించిన సన్నజాజి తీగ, ఏదైనా సరే బయట ఉంటేనే ఉపయోగం.

మనకి రెండు వాతావరణాలు

కోస్తా అనగానే ఉక్కపోత అంటాం. కానీ మన మెట్ట ప్రాంతం సంగతి కొంచెం వేరు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే, మధ్యాహ్నం పొడి వడగాలి కొడుతుంది. అప్పుడు తలుపులు మూసుకుని, నీడలో ఉండి, చీకటి పడ్డాక అన్నీ తెరవాలి. జూలై నుంచి అక్టోబర్ దాకా కథ తిరగబడుతుంది. వేడి తగ్గుతుంది గానీ గాలిలో తేమ పెరిగి చెమట ఆరదు. అప్పుడు ఒంటికి గాలి తగలడమే మందు. మూసిన గది అప్పుడు శత్రువు.

పాతకాలం వాళ్లు వేసవిలో వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేవారు కదా. పొడిగాలికి ఆ నీరు ఆవిరవుతూ గాలిని చల్లబరిచేది. అదే తడక ఆగస్టులో తడిపితే ఉక్క ఇంకా పెరుగుతుంది. మన ఎయిర్ కూలర్ సంగతీ అంతే. కాబట్టి మన ఊళ్లకి కావలసిన గది ఎలాంటిదంటే, మే మధ్యాహ్నం గట్టిగా మూయగలగాలి, ఆగస్టు రాత్రి పూర్తిగా తెరవగలగాలి. ఫిక్స్‌డ్ అద్దం ఈ రెండో పని చేయలేదు.

ఎంత తెరుచుకోవాలి? దీనికి ఒక కొలత ఉంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ఇచ్చిన ఎకో నివాస్ సంహితలో, వేడి, తేమ కలిసి ఉండే ప్రాంతాల్లో నేల విస్తీర్ణానికి కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు, తెరుచుకునేలా ఉండాలని ఉంది. చిన్న ఇళ్లకి అది తప్పనిసరి కాదు, కానీ కొలబద్దగా వాడుకోవచ్చు. అక్క వాళ్ల వరండా 120 చదరపు అడుగులు, అంటే 20 చదరపు అడుగులు తెరుచుకోవాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్లైడింగ్ కిటికీలో ఒక రెక్క ఇంకో రెక్క వెనక్కి పోతుంది, తెరుచుకునేది సగమే. 20 కావాలంటే 40 చదరపు అడుగుల స్లైడింగ్ పెట్టాలి. బందులతో బయటికి తెరుచుకునే రెక్కలైతే దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. ఇంకోటి, తెరిచేవన్నీ ఒకే వైపు ఉంటే గాలి ఆడదు. గాలికి వచ్చే దారితో పాటు పోయే దారి కూడా కావాలి.

వరండా మూస్తే వెనకున్న హాలు సంగతేంటో కూడా చూడండి. హాలు కిటికీలు ఇన్నాళ్లూ వరండాలోకి తెరుచుకునేవి. ఇప్పుడు అవి ఇంకో గదిలోకి తెరుచుకుంటాయి. ఒక గది సంపాదించి, రెండో గదికి గాలీ వెలుతురూ పోగొట్టుకున్నట్టు అవుతుంది.

తేమకి ఇంకో చిన్న లెక్క. పది బై పన్నెండు గది, తొమ్మిదడుగుల ఎత్తు అనుకుందాం. 30 డిగ్రీల దగ్గర ఆ గదిలో గాలి మొత్తం కలిపి మోయగలిగే నీటి ఆవిరి కిలోకి కాస్త తక్కువే. వాషింగ్ మెషీన్ నుంచి తీసిన ఒక విడత బట్టల్లో రెండు లీటర్ల నీళ్లు సులభంగా ఉంటాయి. వానాకాలంలో మూసిన వరండాలో బట్టలు ఆరేస్తే ఆ నీళ్లు ఎటు పోతాయి? గోడ మూలల్లోకి, పరుపులోకి, బూజులోకి.

మరి మూయాలని ఎందుకు అనిపిస్తుంది?

కారణాలు నిజమైనవే అండి. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, 65వ నంబర్ జాతీయ రహదారి, లారీలు, దుమ్ము. పైగా కోతులు, దోమలు, వాన జల్లు, దొంగల భయం. సాఫ్ట్‌వేర్‌లో యాప్ స్లో అయితే వెంటనే కొత్త సర్వర్ కొనం, ఎక్కడ ఆగుతుందో ముందు చూస్తాం. ఇక్కడా అంతే. కోతులకి గ్రిల్ చాలు. దోమలకి మెష్ చాలు. జల్లుకి కప్పు అంచు ముందుకి పొడిగించడం, తడక దించడం చాలు. అద్దం నిజంగా అవసరమయ్యేది దుమ్ముకి, వడగాలికి. దానికైనా తెరుచుకునే రెక్కలే పెట్టుకోవచ్చు. గ్రిల్ పెట్టేటప్పుడు లోపల నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే తలుపు ఒకటి ఉంచండి. ఏదైనా జరిగితే పెద్దాయన బయటికి రాగలగాలి.

కప్పు, గోడ, నేల

డాబా మీద గానీ పక్క సందులో గానీ కొత్తగా కప్పు వేస్తుంటే ఒంటి పొర రేకు వద్దు. మే మధ్యాహ్నం రేకు కింద మంచం వేస్తే రేకే పైన హీటర్. పాలీకార్బొనేట్ షీట్ వెలుతురు ఇస్తుంది, దాంతో పాటే వేడి కూడా ఇస్తుంది. రెండు రేకుల మధ్య ఫోమ్ ఉండే పఫ్ ప్యానెల్ గానీ, రేకు కింద గాలి ఆడే ఖాళీ వదిలి సీలింగ్ గానీ నయం. పైన తెల్ల కూల్ పెయింట్ వేస్తే ఇంకా మంచిది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది, మనకీ అదే ఎండ. పాత సిమెంటు రేకులు ఉంటే వాటిని కోయించకండి. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం.

నందిగామ చుట్టూ పత్తి పండే నల్లరేగడి నేల చాలా ఉంది. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగి బీటలిస్తుంది. పాత ఇల్లు లోతు పునాది మీద ఉండి, కొత్త గోడ అడుగున్నర లోతు మీద లేస్తే రెండూ ఒకేలా కదలవు. అతుకు దగ్గర పగులు వస్తుంది, ఆ పగుల్లోంచి వాన నీళ్లు దిగుతాయి. అందుకే కొత్త గోడని పాత గోడకి గట్టిగా కలిపేయకుండా జాయింట్ వదలాలా, ఎంత లోతు తవ్వాలి అన్నది ఇంజినీరు చూసి చెప్పాలి. కప్పు గోడకి తగిలే చోట నీళ్లు దిగకుండా రేకు మడత పెట్టించండి. లీకులు ఎక్కువగా వచ్చేది అక్కడే.

2023 జూలైలో, మళ్లీ 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకే నీళ్లొచ్చాయి. పల్లంలో ఇల్లు ఉన్నవాళ్లు కింద భాగానికి ప్లైవుడ్, జిప్సం బోర్డు వాడద్దు. కింద రెండడుగులు ఇటుక గోడ, నేలకి బండలు, ప్లగ్ పాయింట్లు ఎత్తులో పెట్టించుకోండి.

మూసే చోట ఇప్పటికే ఏముందో కూడా చూడండి. ఏసీ బయటి యూనిట్ ఉంటే అది వదిలే వేడి లోపలే తిరుగుతుంది. గ్యాస్ గీజర్ ఉంటే అసలు మూయద్దు. గాలి ఆడని చోట దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం పోతుంది.

ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలంలోకి గది వస్తే అనుమతి సమస్య అవుతుంది. పని మొదలుపెట్టకముందే మున్సిపాలిటీలో అడగండి, పల్లెలో అయితే పంచాయతీలో అడగండి.

అక్కకి నా డ్రాయింగ్

పడమర వైపు కింద రెండడుగుల గోడ, పైన బందులతో తెరుచుకునే రెక్కలు, మెష్, గ్రిల్. వాటికి బయట అడుగు దూరంలో పైకీ కిందకీ లాగే వెదురు తడక. ఉత్తరం, దక్షిణం వైపు పై నుంచి కింద దాకా తెరుచుకునే కిటికీలు. హాలు కిటికీలు ఉన్నవి ఉన్నట్టే. సీలింగ్ ఫ్యాన్, దానికి ఇన్వర్టర్ లైను. ఇంత చేసినా మే మధ్యాహ్నాలు నాన్నగారు లోపలి గదిలో పడుకోవడమే మంచిది. వరండా గది ఆయనకి ఉదయాలకీ, రాత్రులకీ.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్క పని చేయండి. ఎండాకాలంలో ఒక వారం వరండా పడమర వైపు బయట షేడ్ నెట్ కట్టండి. ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటర్ కొని నాన్నగారి మంచం ఎత్తులో పెట్టండి. మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఐదింటికి, రాత్రి పదింటికి రాసుకోండి. తర్వాత రెండు రోజులు నెట్ తీసేసి మళ్లీ రాయండి. ఆ కాగితం పట్టుకుని కాంట్రాక్టర్‌తో మాట్లాడండి, డ్రాయింగ్ దానంతట అదే మారుతుంది.

మీ ఇంటి వరండా ఏ ముఖమో, కొలతలు ఎంతో రాసి పంపండి, వీలైనన్నిటికి లెక్క వేసి చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.