ట్యాంకులో ఐదో వంతు ఆల్కహాల్

బంకులో మీరు కారుకు పోయించుకునే లీటరు పెట్రోలులో అసలు పెట్రోలు దాదాపు 800 మిల్లీలీటర్లే. మిగతాది ఇథైల్ ఆల్కహాల్, అంటే ఇథనాల్. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా 9 రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైన ఈ కలపడం 2025 నాటికి దేశమంతటా 20 శాతానికి చేరింది. "మైలేజి పడిపోయింది" అన్న ఫిర్యాదు మీరూ వినే ఉంటారు. అది ఉత్త అపోహేనా? కాదు.

ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. ఆక్సిజన్ మండటానికి తోడ్పడుతుందే గాని, తాను మండి వేడినివ్వదు. ఒక విధంగా ఇథనాల్ అప్పటికే కొంత కాలిన కట్టె లాంటిదన్నమాట. అందుకే లీటరు పెట్రోలు ఇచ్చే శక్తిలో లీటరు ఇథనాల్ ఇచ్చేది మూడింట రెండు వంతులే. లెక్క కట్టి చూడండి: 20 శాతం కలిపితే మొత్తంమీద సుమారు 7 శాతం శక్తి తగ్గుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు 14 నడుస్తుంది.

మరి లాభమేమీ లేదా? ఉంది. ఇంధనం, గాలి కలిసిన మిశ్రమాన్ని సిలిండరులో గట్టిగా అదిమితే, స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట చేరకముందే అది ఓ మూల దానంతటదే అంటుకుంటుంది. ఇంజను టకటకా కొట్టుకుంటుంది. ఇదే నాకింగ్. దీన్ని ఆపటానికి ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ విషాన్ని మన దేశం 2000లో మానేసింది. ఆక్టేన్ సంఖ్య ఎక్కువ గనుక ఇథనాల్ అదే పని సీసం లేకుండా చేస్తుంది. ఎక్కువ కంప్రెషన్‌తో దీనికోసమే తయారైన ఇంజను పోయిన మైలేజిలో కొంత రాబట్టుకోగలదు. పాత ఇంజనుకు ఆ అదృష్టం లేదు.

పైగా కార్బ్యురేటర్ ఉన్న పాత బండికి మరో చిక్కు. కిలో పెట్రోలు మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కొత్త కార్లలో ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను కనిపెట్టి సరిదిద్దుతుంది. కార్బ్యురేటర్ మాత్రం పాత కొలతే పాటిస్తుంది. మీది అలాంటి బండయితే నెలల తరబడి కదపకుండా ఉంచకండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుక్కు దిగిపోతాయి.

మైలేజి కన్నా పెద్ద లెక్క నీళ్లది. పొలానికి పెట్టే నీటితో కలిపి చూస్తే, చెరకు నుంచి లీటరు ఇథనాల్ తీయడానికి 2,860 లీటర్ల నీరు ఖర్చవుతుందని నీతి ఆయోగ్ 2021లో లెక్కగట్టింది. మొక్కజొన్నకు నీరు తక్కువే, కాని అది కోళ్ల దాణా కూడా. వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే కర్మాగారం పానిపట్‌లో 2022లో ప్రారంభమైంది. అయితే గడ్డిలోని సెల్యులోజును చక్కెరగా విడగొట్టే ఎంజైములు ఖరీదైనవి. అందుకే మీ ట్యాంకులోని ఆల్కహాల్ ఇప్పటికీ ఎక్కువగా చెరకు, ధాన్యాల నుంచే వస్తోంది.