కంప్యూటర్ కంపెనీల స్వాధీనం: వదంతి ఎక్కడ ముగుస్తుంది, ఒప్పందం ఎక్కడ మొదలవుతుంది?

ఒక కంప్యూటర్ తయారీ సంస్థను దాని పోటీదారు కొనబోతోందన్న మాట బయటికి పొక్కిన ప్రతిసారీ రెండు చోట్ల కలకలం రేగుతుంది. మొదటిది స్టాక్ మార్కెట్. రెండవది ఆ సంస్థ యంత్రాలను వాడుతున్న దుకాణాలు, కార్యాలయాలు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో టోకు వస్త్ర వ్యాపారానికి పేరొందిన పండరీ వంటి మార్కెట్లలో నేడు బిల్లు, సరుకు లెక్క, జీఎస్టీ రిటర్ను కంప్యూటరు లేనిదే సాగవు. అందువల్ల, ఎక్కడో అమెరికాలోనో చైనాలోనో రెండు కంపెనీల మధ్య చర్చలు జరుగుతున్నాయన్న వార్త ఇక్కడి వ్యాపారికి కూడా సంబంధించినదే. కొన్న యంత్రానికి వారంటీ ఉంటుందా? విడిభాగాలు దొరుకుతాయా? చరవాణిలో వాటాలు కొనే అలవాటున్న వారికైతే మరో ప్రశ్న: ఇప్పుడే కొనాలా?

వదంతికీ వాస్తవ స్వాధీనానికీ మధ్య ఉన్న మెట్లు తెలిస్తే ఈ ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది.

వదంతి సగం నిజమైన వేళ

2009 మార్చి 18న, సన్ మైక్రోసిస్టమ్స్‌ను కొనేందుకు ఐబీఎం చర్చలు జరుపుతోందని అమెరికా పత్రికల్లో వార్త వెలువడింది. రెండూ సర్వర్లు తయారుచేసే ప్రత్యర్థి సంస్థలే. చర్చలను ఏ సంస్థా అధికారికంగా ధ్రువీకరించలేదు. అయినా ఆ ఒక్క రోజే సన్ వాటా ధర దాదాపు 79 శాతం పెరిగింది. ఏప్రిల్ తొలి వారంలో చర్చలు విఫలమయ్యాయన్న వార్త రాగానే వాటా ధర ఒక్క రోజులోనే ఐదో వంతుకు పైగా పడిపోయింది. కథ అంతటితో ముగియలేదు. ఏప్రిల్ 20న సన్‌ను ఒక్కో వాటాకు 9.50 డాలర్ల చొప్పున కొంటున్నట్లు ఒరాకిల్ ప్రకటించింది. కొన్నది పోటీ కంప్యూటర్ తయారీదారు కాదు, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ సంస్థ.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. సన్ అమ్మకానికి ఉందన్న మాట నిజమే. కొనేది ఐబీఎం అన్న మాట నిజం కాలేదు. నిప్పు ఉన్నంత మాత్రాన అది ఎవరి పొయ్యిలోనిదో పొగ చెప్పదు. వదంతిని నమ్మి ఎక్కువ ధరకు కొని, చర్చలు చెడిపోగానే భయపడి అమ్ముకున్న వారికి నష్టమే మిగిలింది.

ప్రకటన వెలువడినా పని పూర్తికాదు

వదంతి తర్వాతి మెట్టు అధికారిక ప్రకటన. అదీ చివరి మెట్టు కాదు. కాంపాక్‌ను సుమారు 2,500 కోట్ల డాలర్ల విలువైన వాటాల మార్పిడితో విలీనం చేసుకుంటామని హ్యూలెట్-ప్యాకార్డ్ 2001 సెప్టెంబరులో ప్రకటించింది. మర్నాడే ఆ సంస్థ వాటా 18 శాతానికి పైగా పడిపోయింది. కొనుగోలుకు చెల్లించేది నగదు కాక వాటాలే గనుక, కాంపాక్ వాటాదారులకు దక్కే విలువ కూడా ఆ మేరకు తగ్గింది.

వ్యవస్థాపకుల్లో ఒకరి కుమారుడైన వాల్టర్ హ్యూలెట్ ఈ విలీనాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. 2002 మార్చి 19న జరిగిన వాటాదారుల ఓటింగ్‌లో ప్రతిపాదన స్వల్ప ఆధిక్యంతోనే గట్టెక్కింది. ఐరోపా, అమెరికా పోటీ నియంత్రణ సంస్థల అనుమతి, ఆ తర్వాత కోర్టు వ్యాజ్యం దాటుకుని 2002 మే 3న విలీనం పూర్తయింది. ప్రకటనకూ పూర్తికీ మధ్య ఎనిమిది నెలలు గడిచాయి.

కంపెనీయే చర్చలను ఒప్పుకున్నా ఒప్పందం చేజారిన సందర్భమూ ఉంది. ఐరోపాలో కంప్యూటర్లు అమ్మే ప్యాకర్డ్ బెల్‌ను కొనేందుకు చర్చిస్తున్నామని 2007 ఆగస్టులో లెనోవో వెల్లడించింది. అదే నెల 27న తైవాన్‌కు చెందిన ఏసర్, అమెరికాకు చెందిన గేట్‌వేను 71 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. ప్యాకర్డ్ బెల్‌ను ఇతరులకంటే ముందుగా కొనే హక్కు గేట్‌వేకు ఉంది. ఆ హక్కు ద్వారా ప్యాకర్డ్ బెల్ కూడా ఏసర్ చేతికే చేరింది.

హైదరాబాద్ చూసిన స్వాధీనం

తెలుగువారికి ఈ ప్రక్రియను దగ్గరగా చూపింది సత్యం కంప్యూటర్ సర్వీసెస్. అది యంత్రాల తయారీ సంస్థ కాదు, సాఫ్ట్‌వేర్ సంస్థ. లెక్కల్లో మోసం జరిగిందన్న అంగీకారం 2009 జనవరి 7న బయటపడ్డాక, దాన్ని ఎవరు కొంటారన్న ఊహాగానాలకు అంతులేకుండా పోయింది. ప్రభుత్వం నియమించిన కొత్త బోర్డు బహిరంగ వేలం పద్ధతిని ఎంచుకుంది. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎస్.పి. భరూచా ఆ ప్రక్రియను పర్యవేక్షించారు. ఏప్రిల్ 13న వాటాకు 58 రూపాయల ధరతో టెక్ మహీంద్రా విజేతగా నిలిచింది. లార్సన్ అండ్ టూబ్రో 45.90 రూపాయలు ఇవ్వజూపింది. రెండు సంస్థల పూర్తి విలీనం మాత్రం 2013 జూన్‌లో గానీ ముగియలేదు.

భారత చట్టం ఏం చెబుతోంది?

ఇప్పుడు మన దేశంలో వదంతులకు సమాధానం చెప్పే బాధ్యత కంపెనీలపై ఉంది. ప్రధాన స్రవంతి మాధ్యమాల్లో వచ్చిన వార్త వల్ల వాటా ధరలో గణనీయమైన కదలిక కనిపిస్తే, 24 గంటల్లోగా దాన్ని ధ్రువీకరించడమో, ఖండించడమో, వివరణ ఇవ్వడమో చేయాలని సెబీ నిబంధన. మార్కెట్ విలువలో తొలి 100 కంపెనీలకు ఇది 2024 జూన్ 1 నుంచి, తొలి 250 కంపెనీలకు అదే ఏడాది డిసెంబరు 1 నుంచి వర్తిస్తోంది. ఆ వివరణ స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో అందరికీ అందుబాటులో ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగే సందేశానికి ఈ నిబంధన వర్తించదు. కాబట్టి కంపెనీ ఖండించలేదు గనుక సందేశం నిజమేనని భావించడం పొరపాటు.

నమోదిత కంపెనీలో 25 శాతం లేదా అంతకు మించి ఓటు హక్కులు చేజిక్కించుకునేవారు, మరో 26 శాతం వాటాలను సాధారణ వాటాదారుల నుంచి కొనేందుకు బహిరంగ ప్రతిపాదన చేయాలి. దీన్నే ఓపెన్ ఆఫర్ అంటారు. యాజమాన్యం మారుతున్నప్పుడు చిన్న వాటాదారుకు కూడా న్యాయమైన ధరకు బయటపడే అవకాశం ఇవ్వడమే దీని ఉద్దేశం. పెద్ద ఒప్పందాలకు కాంపిటీషన్ కమిషన్ ఆమోదమూ కావాలి. భారత్‌లో చెప్పుకోదగ్గ కార్యకలాపాలున్న సంస్థను కొనే ఒప్పందం విలువ 2,000 కోట్ల రూపాయలు దాటితే, 2024 సెప్టెంబరు 10 నుంచి కమిషన్‌కు ముందుగా తెలపడం తప్పనిసరి.

చర్చల సంగతి లోపలివారి ద్వారా ముందే తెలుసుకుని వాటాలు కొనడం, అమ్మడం నేరం. 'లోపలి మనిషి చెప్పాడు' అన్న సమాచారం అబద్ధమైతే డబ్బు పోతుంది. నిజమైతే చట్టం అడ్డువస్తుంది.

యంత్రం కొన్నవారి మాటేమిటి?

వాటాలు చేతులు మారినప్పుడు మారేది యజమానే; కంపెనీ, దాని బాధ్యతలు అలాగే ఉంటాయి. విలీనంలో ఆస్తులతో పాటు అప్పులు, హామీలు కూడా కొనసాగే సంస్థకు సంక్రమిస్తాయి. ఒక విభాగాన్ని మాత్రమే అమ్మినప్పుడు సేవల బాధ్యత ఎవరిదో ఒప్పందమే నిర్ణయిస్తుంది. ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ల విభాగాన్ని 2005లో లెనోవోకు అప్పగించింది. థింక్‌ప్యాడ్ పేరు నేటికీ కొనసాగుతోంది. కాంపాక్ పేరుతో కూడా విలీనం తర్వాత చాలా ఏళ్లపాటు కంప్యూటర్లు అమ్ముడయ్యాయి.

కనుక వదంతి విని, పనిచేస్తున్న యంత్రాన్ని తక్కువ ధరకు వదులుకోనక్కరలేదు. అదే సమయంలో, కంపెనీ చేతులు మారుతోందంటూ భారీ తగ్గింపుతో అంటగట్టే సరుకును బిల్లు లేకుండా కొనరాదు. బిల్లు, వారంటీ పత్రం, యంత్రం క్రమసంఖ్య భద్రపరచుకోవాలి. వారంటీ ఉండగా సేవ నిరాకరిస్తే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని సంప్రదించవచ్చు.

స్వాధీన వార్త విన్నప్పుడు అడగవలసిన ప్రశ్నలు నాలుగు. కంపెనీ స్వయంగా ప్రకటించిందా? వాటాదారులు ఆమోదించారా? నియంత్రణ సంస్థలు అనుమతించాయా? లావాదేవీ పూర్తయిందా? మొదటి ప్రశ్నకే సమాధానం లేకపోతే అది ఇంకా వదంతే.